తూనీగ పిడి

రాయదుర్గం మెట్రో స్టేషన్‌కు నడిచే దూరంలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ. పదకొండో అంతస్తులో డెలివరీ హెడ్ గారి క్యాబిన్. ఆయన కుర్చీ వెనక గోడకు ఒక పొట్టి కత్తి ఉండేది. వకిజాషి. జపాన్‌ది.

క్లయింటు ఒసాకాలో ఉండేవాడు. ఆర్నెల్లకోసారి వెళ్లొచ్చే సారు, ఓసారి పాత సామాన్ల కొట్లో దీన్ని చూసి మనసు పారేసుకున్నారట. ధర ఎంతో చెప్పలేదు. చెప్పకపోవడంతో ఆఫీసులో అది రెండు లక్షల దగ్గర మొదలై నెలనెలా పెరుగుతూ పోయింది.

కొత్తగా చేరినవాళ్లను ఆ గోడ ముందు పది నిమిషాలు నిలబెట్టేవారు. నల్ల లక్క పూసిన ఒర. పిడికి చేప తోలు, దాని మీద పట్టుతాడు అల్లిక. అల్లిక సందుల్లోంచి సగం కనబడుతూ అటొకటి, ఇటొకటి రెండు బంగారు తూనీగలు. ఒక్కోటి చిటికెన వేలి గోరుకన్నా కాస్త పెద్దది. రెక్కల్లో ఈనెలు కూడా చెక్కారు.

"తూనీగ ముందుకే గానీ వెనక్కి ఎగరదని వాళ్ల నమ్మకం. అందుకే సమురాయ్‌లు దాన్ని గెలుపు పురుగు అన్నారు," అనేవారు సారు.

"సాలార్‌జంగ్ మ్యూజియంలో జపాన్ సామాను చూశాను సార్, ఈ పనితనం అక్కడ కూడా లేదు," అన్నాడు ప్రమోషన్ రావాల్సిన ఒకాయన.

1876లో మీజీ ప్రభుత్వం కత్తి కట్టుకుని తిరగడాన్ని నిషేధించింది. తరాలుగా పిడులకు నగిషీలు చెక్కినవాళ్లు పూలకుండీలు చేసుకుని బతకాల్సి వచ్చింది. ఈ సంగతి సారు రెండు ముక్కల్లో దాటేసేవారు. ఆయనకు ఇష్టమైన ఘట్టం వేరే.

"ఎవరింటికి వెళ్లినా పొడుగు కత్తి గుమ్మం దగ్గరే వదలాలి. ఇది మాత్రం నడుముకే ఉంటుంది. ఎందుకు? ఓడిన రోజు తప్పు ఇంకొకడి మీదకు నెట్టకుండా, దీంతో తన పొట్ట తనే చీల్చుకోవడానికి. అదీ ఓనర్‌షిప్ అంటే!"

ఓనర్‌షిప్ దగ్గర ఆయన గొంతు కొంచెం వణికేది.

ఒక ట్రైనీ అమ్మాయి ఒరలోంచి తీసి చూపించమంది.

"తీస్తే రక్తం చూడకుండా లోపలికి పోదమ్మా."

ఆ మాట గూర్ఖాల ఖుక్రీ గురించి కదా అనబోయిన లీడ్ ఒకాయన, అది అప్రైజల్ నెల కావడంతో కాఫీ తాగాడు.

వకిజాషి అలుగు అడుగుకు తగ్గదు. తొమ్మిది అంగుళాలు దాటితే ఆయుధాల చట్టం ఒప్పుకుంటుందా అని ఇంకెవరో అడిగారు. "మనది అంతా పక్కా," అని సారు నవ్వారు.

శుక్రవారం శుక్రవారం దాన్ని తుడవడానికి ఒక్కరికే అనుమతి. హౌస్‌కీపింగ్‌లో పనిచేసే పెద్దాయన, నారాయణపేట మనిషి. పొడి పసుపు గుడ్డతో తూనీగలను పసిపిల్లల ముక్కు తుడిచినట్టు తుడిచేవాడు.

మార్చిలో ఒసాకా క్లయింటు చెయ్యి విడిచాడు. ఆర్నెల్ల పనిని మూడు నెలల్లో ఇస్తామని మాటిచ్చింది సారే. కుదరదని లీడ్లు పెట్టిన మెయిళ్లు ఆయన ఇన్‌బాక్స్‌లో ఉన్నాయి.

గురువారం పదకొండింటికి వీడియో మీటింగ్. సారు క్యాబిన్ లోంచే మాట్లాడారు. భుజం పైన తూనీగ మెరుస్తోంది. మార్కెట్ బాలేదన్నారు. టీమ్‌లో నైపుణ్యం చాలలేదన్నారు. నాలుగు నిమిషాల్లో ముగించారు. ఐదో నిమిషంలో 38 మందికి మెయిలు వచ్చింది. అప్పుడు కాఫీ తాగిన లీడ్ కూడా అందులో ఉన్నాడు.

సారు సామాన్ల లిఫ్టులో బేస్‌మెంటుకు దిగి వెళ్లిపోయారు.

ల్యాప్‌టాప్‌లు అప్పగించేవాళ్ల వరస ఆ క్యాబిన్ ముందు నుంచే. హెచ్ఆర్ మేడమ్‌కు ఉన్నట్టుండి గోడమీది కత్తి గుర్తొచ్చింది. ఏ కడుపుమంట ఎటు తిరుగుతుందో! సెక్యూరిటీని కేకేసి, ముందు దాన్ని తీసి బీరువాలో పెట్టి తాళం వెయ్యమంది.

పెద్దాయన పక్కనే చెత్తబుట్టలో సంచి మారుస్తున్నాడు.

"దానికేం భయం మేడమ్," అన్నాడు. "లోపల ఉన్నది కట్టెనే. తడిగుడ్డ పెట్టకు, ఉబ్బుతదని సారే చెప్పిండు."