బంగారు ఊరిలో పై మంచం

ఇండ్లు కట్టే మేస్త్రీకి ఇల్లు దొరకడం లేదు.

దుబాయ్ శివారులో కార్మికుల క్యాంపులున్న చోటు పేరు సోనాపూర్, అంటే బంగారు ఊరు. అందులో మన జగిత్యాల అన్న వాటా ఒక పై మంచం. కింద మంచం నిజామాబాద్‌ది. మధ్యలో తాడు మీద ఆరేసిన లుంగీ ఎవరిదో తేలలేదు.

ఊర్లో ఆయనకు రెండంతస్తుల బిల్డింగు ఉంది. టేకు తలుపులు, గేటుకు సింహాలు. కాపురం పావురాలది.

పిల్లల చదువుకని కరీంనగర్‌లో కిరాయిల్లు అడిగితే ఓనరు ఆరా:

"ఏం పని జేస్తవ్?"

"దుబాయ్‌ల ఇండ్లు కడత సార్."

"గట్లనా! మరి కిరాయికెందుకు?"

ఆపై అడ్వాన్సు మాట. జర్మనీలో అది మూడు నెలల కిరాయి దాటొద్దని చట్టం. మన దగ్గర లెక్క వేరు, ఓనరు మొహం చూసి చెప్పాలి. అగ్రిమెంటు మాత్రం 11 నెలలే. రిజిస్ట్రేషన్ తిప్పలెందుకని! పన్నెండో నెల మనిషి ఎక్కడ పండుకోవాలో 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం చెప్పలేదు.

అన్న మళ్లీ విమానమెక్కిండు.

బిల్డింగు తాళంచెవి పక్కింటి అవ్వ కొంగుకుంది.