చన్నీళ్ల లెక్క

ఆడవాళ్ల సంపాదనకు మన ఇళ్లలో ఓ ముద్దుపేరుంది: వేడినీళ్లకు చన్నీళ్లు. నాకు ఉద్యోగం వచ్చిన రోజున మా అత్తగారు అదే మాటన్నారు, మా అమ్మా అదే అంది, స్వీట్లు పంచుతూ నేనూ అదే అన్నాను. ఇరవై ఏళ్లయింది. నీళ్లు ఇంకా చల్లగానే ఉన్నాయి. మగవాళ్ల జీతానికీ ఆడవాళ్ల జీతానికీ మధ్య ఇంత చక్కటి ఎడం దానంతటదే నిలబడదు. పదిమందీ పూనుకుని కాపాడుకుంటూ రావాలి. ఆ పనిలో రెండువైపులా అనుభవమున్నదాన్ని కాబట్టి, కొత్తవాళ్లకు కొన్ని చిట్కాలు.

1. ముందు మొగుడి గురించి అడగండి.

నాకు ఉద్యోగమిచ్చిన కాలేజీ ఇంటర్వ్యూలో నా సర్టిఫికెట్లు తిరగేసిన పెద్దమనిషి ఫైలు మూసేసి, "మీవారేం చేస్తారమ్మా?" అన్నారు. బ్యాంకులో అన్నాను. "అయితే ఇబ్బంది లేదు" అంటూ కాగితం మీద ఓ అంకె వేశారు. అది నా చదువుకు కట్టిన అంకె కాదు, మావారి ఉద్యోగానికి కట్టింది. నాతోపాటు చేరిన అబ్బాయిని వాళ్లావిడ ఏం చేస్తుందని అడిగారా అని తర్వాత కనుక్కున్నాను. అడగలేదట.

2. "ఎంత కావాలి?" అంటే "మీ ఇష్టమండీ" అనండి.

కూరగాయల బండి దగ్గర ఐదు రూపాయలకు పావుగంట బేరమాడతాను. ఆ రోజు మాత్రం నోరు పెగల్లేదు.

3. జీతం సంగతి ఎవరికీ చెప్పకండి, అడగకండి. మర్యాద కాదు.

నాతోపాటు చేరిన ఆ అబ్బాయి జీతం నాకు తెలిసింది ఏడేళ్లకు, ప్రింటరు ట్రేలో మరిచిపోయిన ఫారం 16 వల్ల. చదివాను. బోర్లా తిప్పి అక్కడే పెట్టేసి, క్లాసుకు వెళ్లిపోయాను.

4. పనికి పేరు పెట్టండి.

మిగతావన్నీ చిల్లర చిట్కాలు, అసలు కిటుకు ఇదే. ఒకే పనికి, ఒకే తరహా పనికి ఆడామగా తేడా లేకుండా ఒకే వేతనం ఇవ్వాలని 1976లోనే సమాన వేతన చట్టం వచ్చింది. 2019 నాటి వేతనాల కోడ్ కూడా అదే మాటంది. కంగారు పడకండి. ఒకే పని అయితేనే కదా ఒకే కూలి! రెండూ వేరు వేరు పనులనేస్తే సరి.

తెనాలి పక్కన మా నాన్న ఇచ్చిపోయిన మూడెకరాలున్నాయి. కూలి పుస్తకం నేనే రాస్తాను. అందులో రెండు గడులు: బరువు పని, తేలిక పని. మందు కొట్టడం, యూరియా బస్తా మోయడం, గట్లు చెక్కడం బరువు పనులు. నాటూ కలుపూ తేలిక పనులు. ఈ తేలిక పని ఎలా ఉంటుందంటే, పిక్కల దాకా బురద, వీపు మీద ఎండ, నడుం రెండుగా మడత. ఎడంచేతిలో నారుకట్ట పట్టుకుని, కుడిచేత్తో మొక్కలు విడదీసి గుచ్చుతూ పొద్దస్తమానం వెనక్కి నడవాలి. సాయంత్రానికి కాలివేళ్ల సందులు నాని తెల్లగా పాలిపోతాయి. నేనోసారి సరదాకి దిగి, పది నిమిషాల్లో గట్టెక్కాను.

అయినా నా పుస్తకంలో నాటు తేలిక గడిలోనే ఉంది. ఎందుకు తేలిక? ఆడవాళ్లు చేస్తారు కాబట్టి. ఆడవాళ్లకెందుకు తక్కువ? తేలిక పని కాబట్టి. గానుగెద్దు కూడా ఇంత గుండ్రంగా తిరగదు. నాటు యంత్రం వచ్చిన పొలాల్లో చూడండి, దాని మీద మగవాడు కూర్చుంటాడు. వంగి చేసినన్నాళ్లూ తేలికగా ఉన్న పని, కూర్చుని చేసేసరికి బరువెక్కింది.

ఈ విద్య రైతులకే తెలుసనుకోకండి. మెకినన్ మెకంజీ అనే ఓడల కంపెనీలో కొందరు స్టెనోలకు "కాన్ఫిడెన్షియల్ లేడీ స్టెనోగ్రాఫర్" అని బరువైన పేరు పెట్టి, మగ స్టెనోలకన్నా తేలికైన జీతం ఇచ్చారు. ఆడ్రీ డికోస్టా అనే ఉద్యోగిని పోరాడితే, 1987లో సుప్రీంకోర్టు అది ఒకే తరహా పనేనని తేల్చింది. ఇచ్చే స్తోమత లేదన్న సాకు కూడా చెల్లదంది. ఆ తీర్పు నా కూలి పుస్తకం దాకా ఇంకా రాలేదు.

5. పిల్లాడికి జ్వరమని బడి నుంచి ఫోనొస్తే అమ్మనే పంపండి.

అమెరికాలో రెండు వందల ఏళ్ల లెక్కలు తవ్వి తీసి 2023లో నోబెల్ అందుకున్న క్లాడియా గోల్డిన్, ఒకే వృత్తిలో ఉన్నవాళ్ల మధ్య కూడా ఈ కాలంలో ఎడం చాలావరకు తొలి బిడ్డ పుట్టాకే పెరుగుతోందని తేల్చారు. మన దేశంలో 2019 కాలవినియోగ సర్వే ప్రకారం, ఇంటిపని చేసే ఆడవాళ్లు దానికి వెచ్చించేది రోజుకు 299 నిమిషాలు, చేసే కొద్దిమంది మగవాళ్లు వెచ్చించేది 97. దీనికి నా పుస్తకంలో తేలిక గడి కూడా లేదు.

6. సమానం చేయక తప్పకపోతే, నలుగురికీ కనబడే చోట చేయండి.

2022లో క్రికెట్ బోర్డు మ్యాచ్ ఫీజు సమానం చేసింది. టెస్టు ఆడితే ఎవరికైనా 15 లక్షలే. మంచిదే. 2024-25 వార్షిక కాంట్రాక్టుల్లో మాత్రం మగవాళ్ల పై మెట్టు 7 కోట్లు, ఆడవాళ్ల పై మెట్టు 50 లక్షలు.

7. చివరికి పక్కవాళ్ల మీదికి నెట్టేయండి.

పోయిన సార్వాలో, ఆడామగా ఇద్దరికీ ఒకటే రేటు చేద్దామా అని కూలీల మేస్త్రితో అన్నాను. "చుట్టుపక్కల రైతులు ఊరుకోరమ్మగారూ" అన్నాడు. ప్రాణం లేచొచ్చింది. వాళ్లే ఊరుకోనప్పుడు ఇంక నేనేం చేయగలను? ఆ రైతుల్లో ఒక్కరినీ అడగలేదనుకోండి, అది వేరే సంగతి.

ఆ శనివారం సాయంత్రం గట్టు మీద కూర్చుని కూలి డబ్బులు పంచుతున్నాను. ఒక పెద్దామె నోట్లు మడిచి కొంగున ముడేసుకుంటూ, "మీ కాలేజీలో మీకూ మగోళ్లకీ ఒకటేనా అమ్మగారూ?" అంది.

ప్రింటరు ట్రే గుర్తొచ్చింది. "ఒకటే" అన్నాను.

ఆమె తలూపింది. "అయితే మీది బరువు పనేలెండి."