నన్ను పీకెయ్యమని నా మీదే రాశారు

పుదుచ్చేరి వైతికుప్పంలో సముద్రం ఒడ్డున పరిచిన బండరాళ్లకి ఇవతల, వల కుట్టుకునే పెద్దాయన కూర్చునే బల్లని నేను. తిరగేస్తే అడుగున కొన్ని అక్షరాలు ఇంకా కనిపిస్తాయి. మిగతావి ఉప్పుగాలి తినేసింది.

ఇక్కడికి ఉత్తరాన పది కిలోమీటర్ల దూరంలో, ఆరోవిల్ అనే ఊరి ఎర్రమట్టి దిబ్బ మీద పెరిగాను. జాతి ఆస్ట్రేలియా తుమ్మ. అక్కడివాళ్లు పెట్టిన పేరు 'వర్క్ ట్రీ'. 1968 ఫిబ్రవరి 28న ఆరోవిల్‌కి ప్రారంభోత్సవం జరిగేనాటికి అక్కడ ఒక మర్రి, అక్కడక్కడ తాటిచెట్లు తప్ప పెద్దగా నీడ లేదట. వానొస్తే పైమట్టి వాగులై సముద్రంలో కలిసేది. ముందు గట్లు పోసి నీళ్లు ఆపారు. తర్వాత మమ్మల్ని దింపారు. ఎండకి మాడిపోయే దేశవాళీ మొక్కలకి గొడుగు పట్టడం మా ఉద్యోగం. మా వేళ్ల బుడిపెల్లో ఉండే సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి మట్టికిస్తాయి. ఆకులూ దండిగా రాలుస్తాం. ఆకులంటున్నాను గానీ అవి చదునుగా సాగిన కాడలే.

నా నీడన ఒక పాల మొక్క ఉండేది. పదేళ్లకి గానీ మనిషి నడుం దాకా రాలేదు.

2011 డిసెంబరు 30న థానే తుఫాను వచ్చింది. మావి పెళుసు కొమ్మలు. తెల్లారేసరికి మావాళ్లంతా పడి ఉన్నారు, పాల మాత్రం నిలబడే ఉంది. నన్ను కోయించి ఒక సంస్థవాళ్లు గేటు బోర్డు చేసుకున్నారు. పచ్చరంగు, అరచేతిలో మొక్క బొమ్మ, 'చెట్లు నాటండి' అన్న పిలుపు.

కొన్నేళ్లకి నా కిందే మీటింగు పెట్టారు. చెట్లు నాటేవాళ్లు వీధికొకరున్నారు, మనం అడవి పెంచేవాళ్లమని జనానికి తెలియాలన్నారు. మాట సబబే. ఈ తీరానిది పొడి నేలల్లో పెరిగే సతతహరిత అడవి. పాల, అల్లి, అడవినిమ్మ లాంటివి. అదిప్పుడు గుడి తోపుల్లోనూ, ఆంధ్రావైపు శ్రీహరికోటలోనూ ముక్కలుగా మిగిలింది. ఇకమీదట ఎన్ని నాటామన్నది కాదు, ఎన్ని బతికాయి, ఎన్ని రకాలు అన్నదే లెక్క అని తీర్మానించారు. చిక్కల్లా ఫొటోతోనే. ఆరేళ్లయినా మోకాలు దాటని మొక్కని చూపిస్తే చందా ఎవరిస్తారు?

రంగు మార్చడానికి యానాం నుంచి వచ్చి స్థిరపడిన పెయింటరు వచ్చాడు. పక్కన నిలబడ్డ ఆఫీసు అమ్మాయిదీ యానామే.

"ఏమ్మా, ఇది ఏ చెక్కో తెలుసా?"

"తెలీదు బాబాయ్."

"ఆస్ట్రేలియా తుమ్మ. నువ్వు రాయమన్నదేమో విదేశీ చెట్లని తొలగిద్దాం అని."

ఆ పిల్ల కాయితం వంక, నా వంక చూసి నవ్వాపుకోలేకపోయింది. "రాసెయ్ బాబాయ్. చెక్క గట్టిదేగా."

రాశాడు, తమిళంలో, ఇంగ్లీషులో. కుంచె చల్లగా తగిలింది. కోపం రాలేదు. మా గింజ పడ్డచోటల్లా మొలుస్తుంది, మేం రాల్చిన ఆకులు మందంగా పేరుకుని చిన్న మొలకల్ని లేవనివ్వవు. పని అయ్యాక తప్పుకోవాల్సిందే. కాకపోతే వాళ్ల కొత్త కరపత్రంలో కథ పాల మొక్కతో మొదలవుతుంది. అంతకుముందు దానికి గొడుగు పట్టిందెవరో ఒక్క ముక్క ఉండదు. అది మాత్రం కాస్త గుచ్చుకుంది.

తర్వాత ఫ్లెక్సీ వచ్చింది, నేను పాతసామాన్ల బండెక్కాను. అలా ఈ వైతికుప్పం చేరాను. ఇక్కడా ఒకదాని కోసం చేసింది ఇంకోదానికి తగిలింది. 1980ల చివర దక్షిణాన హార్బరు కట్టాక ఇసుక అటే ఆగిపోయి, ఇటు ఒడ్డు కోసుకుపోయింది. అందుకే ఈ బండరాళ్లు.

మాసి మఘం పండగ నాడు చుట్టుపక్కల ఊళ్ల దేవుళ్లంతా ఈ ఒడ్డుకే స్నానానికొస్తారు. మొన్న మైలం మురుగన్ పల్లకి రాగానే కనపడటంలేదని నలుగురు పిల్లలు నా మీదెక్కి గెంతారు. కిర్రుమన్నాను గానీ, విరగలేదు.