ఏం లేదండీ, ఊరికే వచ్చాను

నాకు మర్యాద ఎక్కువని బంధువుల్లో పేరు. ఇంట్లో దానికి వేరే పేర్లున్నాయి. వాటిలో అచ్చు వేయదగింది ‘బద్ధకం’ ఒక్కటే.

టీ తాగాలనిపిస్తే ‘టీ పెట్టు’ అని నేనెప్పుడూ అనను. అది హుకుం. పేపరు మడిచి, వంటింటివైపు తిరిగి, “నువ్వు టీ తాగుతావా?” అంటాను. భార్య మీద ఎంత శ్రద్ధ! చాలాకాలం ఈ పాచిక బాగానే పారింది. ఈమధ్య మా ఆవిడ, “నాకొద్దండీ, మీరు పెట్టుకుని తాగండి” అంటోంది.

నాలాంటివాళ్ళ కోసం తెలుగులో చాలా సదుపాయాలున్నాయి. ‘ఇవ్వు’ అంటే అధికారం, ‘ఇద్దూ’ అంటే గారం. “ఆ కళ్ళజోడు కాస్త ఇలా ఇద్దూ”, “ఆ ఫ్యాను కాస్త వేద్దూ” అంటూ కుర్చీలోంచి లేవకుండా సంసారం నడిపేయొచ్చు. అంతకంటే గొప్పది ‘మనం’. ఎదుటివాళ్ళని కలుపుకుంటే మనం, వదిలేస్తే మేము. నేను మూడోది కనిపెట్టాను, నన్ను వదిలేసే మనం. “పండగొస్తోంది, మనం బూజు దులపాలోయ్” అన్నానంటే దులపాల్సింది ఆవిడ.

ఆవిడది పశ్చిమ గోదావరి. ‘అండీ’ తగలకుండా నోట్లోంచి మాట రాదు. “మీకసలు బుద్ధుందాండీ?” అన్నప్పుడు కూడా నా గౌరవానికి ఏ లోటూ ఉండదు, బుద్ధికే. “సరేలెండి, మీ ఇష్టం” అందంటే మాత్రం ఆ పూట నా ఇష్టప్రకారం జరిగేది ఏమీ లేదని అర్థం.

పెనెలోపీ బ్రౌన్, స్టీఫెన్ లెవిన్సన్ అనే పండితులు 1987లో మర్యాద మీద ఏకంగా ఒక పుస్తకమే వేశారు. ఎవరినైనా ఏదైనా అడగడమంటే వాళ్ళ పరువు జోలికి వెళ్ళడమేననీ, అడిగేది ఎంత పెద్దదైతే, అవతలి మనిషి ఎంత పరాయివాడైతే, ఎంత పైవాడైతే అంత చుట్టుతిప్పి అడుగుతామనీ వాళ్ళ సిద్ధాంతం. అందులోని తమిళ ఉదాహరణలు కోయంబత్తూరు జిల్లా నుంచి తీసుకున్నారు. ఇంకో రాత్రి రైల్లో కూర్చునుంటే మా ఇంటికే వచ్చేవారు, వాళ్ళ లెక్క ఎక్కడ తప్పుతుందో చూసేవారు. పక్క ఫ్లాటాయన పరాయివాడూ కాదు, పైవాడూ కాదు. నేను అడగాల్సింది ఆయన పట్టుకెళ్ళిన నా నిచ్చెనే.

వెళ్ళి, “ఏం లేదండీ, ఊరికే వచ్చాను” అన్నాను. కాఫీ అన్నారు. “అబ్బే, ఇప్పుడే తాగానండీ” అన్నాను, మూడోసారి బలవంతం చేస్తే ఒప్పుకుందామని. ఆయన రెండోసారికే ఊరుకున్నారు. మనుషుల్లో మర్యాద తగ్గిపోతోంది. ఎదురుగా బాల్కనీలో నా నిచ్చెన, దాని మీద వాళ్ళ తువ్వాళ్ళు.

“ఈమధ్య ఇళ్ళల్లో బూజు తెగ పడుతోందండీ” అన్నాను.

“అవును మాష్టారూ, అందుకే మీ నిచ్చెన ఉంచేసుకున్నాం.”

వస్తూ వస్తూ మా డ్రిల్లింగ్ మిషన్ కూడా ఇస్తానని మాటిచ్చి వచ్చాను.

మా ఆవిడ వాళ్ళ గుమ్మం కూడా దాటలేదు. “వదినగారూ, నిచ్చెన ఓసారి ఇప్పిస్తారా? బూజు దులుపుకోవాలి. మళ్ళీ కావాలంటే పట్టికెళ్ళండి” అంది. ఒక వరస, ఒక కారణం, ఒక ‘అండి’. నిచ్చెన తుడిచి మరీ ఇచ్చారు, దాంతోపాటు ఓ గిన్నెడు గోంగూర పచ్చడి కూడా.

“మీరెక్కండి, నేను కింద పట్టుకుంటాను” అని బూజుకర్ర నా చేతికిచ్చింది. సగం హాలు అయ్యేసరికి పక్క ఫ్లాటాయన వచ్చారు.

“ఏం లేదు మాష్టారూ, ఊరికే వచ్చాను.”

“మిషన్ బీరువా మీదుందండీ, తీసుకోండి” అన్నాను పైనుంచి. ఆయన నిచ్చెన వంక కూడా చూసినట్టనిపించింది. ఇంటికొచ్చిన మనిషి, అడక్కపోతే ఏం బావుంటుంది? “నిచ్చెన కూడా కావాలాండీ?” అన్నాను.

కింద పట్టు కాస్త సడలింది.