ఉప్పెన చూసిన తాడిని

హంసలదీవికి కూతవేటు దూరంలో, చెరువుగట్టు మీద నిలబడి ఉన్న తాడిని నేను. పులిగడ్డ దగ్గర కృష్ణమ్మ రెండు పాయలుగా చీలుతుంది. ఆ పాయలకూ సముద్రానికీ నడుమ చిక్కిన నేలే మా దివిసీమ. ఇక్కడివాళ్లు ఎక్కడికి పోవాలన్నా నీళ్లు దాటాల్సిందే.

మా మండలి వెంకట కృష్ణారావు గారిది నా ఈడే. 1926 ఆగస్టు 4న పల్లెవారిపాలెంలో పుట్టారు. 1957లో బందరు నుంచి పార్లమెంటుకు వెళ్లారు. 1972లో అవనిగడ్డ శాసనసభ్యుడయ్యారు, ఆపైన విద్యామంత్రి. గాంధీగారి మాటను నమ్మిన మనిషి. ఖద్దరు వదల్లేదు. అవనిగడ్డలో గాంధీక్షేత్రం వెలిసింది కూడా ఆ నమ్మకంతోనే.

ఆయన రెండో నమ్మకం తెలుగు. దాన్ని నేను నా తీరులో అర్థం చేసుకున్నాను. నా ముందున్న ఈ సముద్రం మీదనుంచే ఒకప్పుడు మనవాళ్లు కూలికి ఓడలెక్కి పోయారు. మారిషస్ చెరకు తోటలకు కొందరు, మలయా రబ్బరు తోటలకు కొందరు. పోయినవాళ్లను ఒడ్డు మరిచిపోయింది. కృష్ణారావు గారు మరవలేదు. 1975 ఉగాదికి ఆయన పూనికతో హైదరాబాదులో మొదటి ప్రపంచ తెలుగు మహాసభలు మొదలైనప్పుడు ఆ పోయినవాళ్ల మనవలు, మునిమనవలు వచ్చారు. తర్వాతి సభలు 1981లో మలేసియాలో, 1990లో మారిషస్‌లో జరిగాయి. ఏ నీళ్ల మీదుగా మనుషులు పోయారో, ఆ నీళ్ల మీదుగానే వాళ్లను వెతుక్కుంటూ భాష పోయింది.

1977 నవంబరు 19న ఆ సముద్రమే మా మీదికి వచ్చింది.

పొద్దున్నుంచీ గాలి. సాయంత్రానికి నా మట్టలు విరిగి ఎటుపోయాయో తెలియదు. ఆ తర్వాత నీళ్లు, దాదాపు 6 మీటర్ల ఎత్తున, నల్లగా. నాలి, సొర్లగొంది వైపు గుడిసెలు కొట్టుకుపోవడం చూశాను. నా కంటే గట్టివనుకున్న చెట్లు కూలిపోయాయి. ఒక పదేళ్ల కుర్రాడు నా మొదలును వాటేసుకుని పైకి పాకాడు. వాడి వెనకే పాకుతున్న తల్లి చెయ్యి జారింది. తెల్లవారేదాకా వాడు నన్ను వదల్లేదు. నా గరుకుకు వాడి రొమ్ము చీరుకుపోయి నెత్తురు కారుతూనే ఉంది. నేను మెత్తగా ఉంటే బాగుండునని ఆ రాత్రి ఒక్కసారే అనుకున్నాను.

సర్కారు లెక్కలో పదివేలమంది పోయారు. పశువులకు లెక్కే లేదు. బావుల్లో ఉప్పునీళ్లు, తుమ్మకంపల్లో శవాలు. ఆ బురదలో కృష్ణారావు గారు తిరిగారు. ఆ రోజుల్లో ఓదార్పు మాటకు విలువ లేదు. తాగే నీళ్లు, కప్పుకునే గుడ్డ, శవాన్ని దహనం చేసే చెయ్యి కావాలి. సేవాసంస్థలు ఎక్కడెక్కడి నుంచో వచ్చాయి. మదర్ థెరెసా వచ్చారు. ఎన్టీఆర్, ఏఎన్నార్ జోలె పట్టి విరాళాలు పోగుచేశారు. వచ్చినవాళ్లు వెళ్లాక కూడా మిగిలిన పని చాలా ఉంటుంది. ఆ పని ఆయనది. తాటాకు కప్పుల చోట పక్కా ఇళ్లు లేచాయి. నా ఆకుకు గిరాకీ తగ్గింది. అంత సంతోషం నాకు మళ్లీ కలగలేదు.

జోలె పట్టిన ఆ ఎన్టీఆరే ఆ తర్వాత పార్టీ పెట్టి 1983లో రాష్ట్రమంతా ఊడ్చేశారు. అవనిగడ్డలో మాత్రం కాంగ్రెస్ తరఫున మా కృష్ణారావు గారే గెలిచారు. ఉప్పెన నాటి ముఖాలను దివిసీమ గుర్తుపెట్టుకుందని నేను నమ్ముతాను.

1997 సెప్టెంబరు 27. ఆనాటి కుర్రాడు ముప్పై ఏళ్లవాడై, ఆకు కొట్టడానికి మోకు వేసుకుని నా మీదికి ఎక్కాడు. కింద దారిన పోతున్నవాడెవడో కేకేశాడు, “ఒరే, అవనిగడ్డ పెద్దాయన పోయార్రా!”

వాడు కత్తి మొలలో దోపుకున్నాడు. ఆ రాత్రి పట్టుకున్నట్టే నన్ను రెండు చేతులా వాటేసుకుని, అవనిగడ్డ వైపు చూస్తూ చాలాసేపు అక్కడే ఉండిపోయాడు.