సంసార సాగరం, గంట లెక్కన

మొత్తానికి తెలుగు సంసారాలకు దారి దొరికింది. అది చెరువు మధ్యలో ఉందట.

ఈ సెలవుల్లో ఎవరి వాట్సాప్ స్టేటస్ తెరిచినా అదే బొమ్మ. నారింజ రంగు ప్లాస్టిక్ కయాక్. ముందు సీట్లో ఆవిడ, వెనక సీట్లో ఆయన, ఇద్దరి మధ్యా ఇరుక్కుని ఒక పిల్లవాడు. కింద, "ఫోన్లు పక్కన పెట్టేసి కుటుంబంతో కాసేపు" అని రాత. ఫోన్లన్నీ పక్కన పెట్టేశాక ఆ ఫోటో తీసిందెవరు, స్టేటస్ పెట్టిందెవరు అని అడిగితే పెడసరం మనుషుల కింద జమకడతారు. అనంతగిరి కొండల పక్కన కోట్‌పల్లి ప్రాజెక్టు, కేబుల్ బ్రిడ్జి కింద దుర్గం చెరువు, విశాఖలో రుషికొండ: నీళ్లున్న చోటికల్లా శని, ఆదివారాల్లో కార్లు బారులు తీరుతున్నాయి. కోట్‌పల్లి ప్రాజెక్టు కట్టింది పొలాలకు నీళ్లివ్వడానికి. ఇప్పుడు కాపురాలు నిలబెట్టే పని కూడా దాని నెత్తిన పడింది.

కయాకింగ్ వల్ల ఒనగూడే లాభాలు అన్నీ ఇన్నీ కావు. పిల్లలకు నాయకత్వ లక్షణాలు అబ్బుతాయట. తండ్రికి షుగర్ దిగుతుందట. పక్క ఫ్లాట్ వాళ్ల పేరు కూడా తెలియని కుటుంబం ప్రకృతితో మమేకమైపోతుందట. దుర్గం చెరువులో మమేకం కావడానికి గుర్రపుడెక్క, పక్కనే మురుగునీటి శుద్ధి కేంద్రం సిద్ధంగా ఉన్నాయి.

ఇవన్నీ క్షమించొచ్చు. ఈ వ్యాసకర్తకు ఒళ్లు మండేది ఒక్క దగ్గరే: రెండు సీట్ల కయాక్ ఎక్కితే ఆలుమగల మధ్య సఖ్యత కుదురుతుందన్న ప్రచారం దగ్గర.

ఈ మాట పుట్టించినవాళ్లు భార్యతోనో భర్తతోనో ఆ పడవ ఎక్కి ఉండరు. దాని పద్ధతి ఇదీ. ముందు కూర్చున్న మనిషి వేగం నిర్ణయించాలి. వెనక కూర్చున్న మనిషి ఆ లయకు తన తెడ్డు కలపాలి, పడవ ఎటు పోవాలో చూసుకోవాలి. ముందు మనిషికి వెనక ఏం జరుగుతోందో కనపడదు. వెనక మనిషికి అంతా కనపడుతుంది గానీ వేగం తన చేతిలో లేదు. తెడ్డుకు రెండు కొసలా రెక్కలుంటాయి కనక లయ తప్పిన మరుక్షణం తెడ్డూ తెడ్డూ కొట్టుకుంటాయి. పెత్తనం ఒకరిది, బాధ్యత ఇంకొకరిది, ఒకరి ముఖం ఒకరికి కనపడదు. పెళ్లై పదేళ్లైనవాళ్లకు ఈ ఏర్పాటు కొత్తేమీ కాదు. ఇంట్లో ఉచితంగా సాగుతున్నదానికి ఇక్కడ గంట లెక్కన డబ్బు కడుతున్నారు, అంతే తేడా.

ఇంగ్లిషు దేశాల్లో కయాకింగ్ నేర్పేవాళ్లు, పడవలు అద్దెకిచ్చేవాళ్లు ఈ రెండు సీట్ల దాన్ని ఏనాటి నుంచో 'విడాకుల పడవ' అని ఆటపట్టిస్తారు. మన దగ్గరికి పడవ వచ్చింది. ఆ జోకు మాత్రం కస్టమ్స్ దగ్గరే ఆగిపోయింది.

నమ్మనివాళ్లు ఒడ్డున కాసేపు కూర్చుని వింటే చాలు.

"ఎడమకు తిప్పండి!"

"తిప్పుతూనే ఉన్నా కదే!"

"నేనన్న ఎడమ అది కాదండీ!"

ఇద్దరూ ఒకే దిక్కుకు ముఖం పెట్టి కూర్చున్నప్పుడు ఎడమ ఒకటే ఉంటుంది. పెళ్లైనవాళ్లకు మాత్రం రెండుంటాయి. పడవ ఉన్నచోటే గుండ్రంగా తిరగడం మొదలుపెడుతుంది. మొదటి చుట్టు ఎడమ గురించే. రెండో చుట్టులో ఆయనకు కారు రివర్స్ చేయడం కూడా చేతకాదన్న సంగతి బయటికొస్తుంది. మూడో చుట్టుకు ఆడపడుచు గృహప్రవేశంలో జరిగిన అవమానం నీళ్ల మీదికి తేలుతుంది. ఇంట్లో అయితే ఈ పాటికి ఒకరు వంటింట్లోకి, ఒకరు బాల్కనీలోకి వెళ్లిపోతారు. పొయ్యి మీద పాలు పొంగి గొడవను ఆపుతాయి. ఇక్కడ లేచి వెళ్లిపోవడానికి చోటు లేదు. మధ్యలో ఉన్న పిల్లవాడు తనకేమీ వినపడనట్టు కొంగల వైపు చూస్తుంటాడు. ఆ నటన వాడికి ఇంట్లోనే వచ్చు.

చివరికి ఆ ఊరి కుర్రాడే, లైఫ్‌గార్డ్ టీషర్టు వేసుకున్నవాడు, దగ్గరికొచ్చి ఒక సలహా ఇస్తాడు. "అన్నా, మీరు తెడ్డు లోపల పెట్టుండ్రి. అక్క ఒక్కతే ఏస్తది." పడవ చక్కగా ఒడ్డుకొస్తుంది. పెళ్లైన నాటి నుంచి ఆవిడ చెబుతున్నదీ అదే.

ఒడ్డుకొచ్చాక మొహాలు తుడుచుకుంటారు. భుజాల మీద చేతులేసుకుని ఫోటో దిగుతారు. 'మా ఇద్దరి మధ్యా మాటలు పెరిగాయి' అని రాస్తారు. అందులో అబద్ధమేమీ లేదు.

ఈ జబ్బు ఎక్కడి నుంచి అంటుకుందో కనుక్కోవడం కష్టం కాదు. ముందు ఆఫీసులకు వచ్చింది. జీతాలు పెంచని ఏడాది ఉద్యోగుల్ని బస్సెక్కించి చెరువు దగ్గరికి తీసుకెళ్లి, జంటలు జంటలుగా పడవల్లో కూర్చోబెట్టి, దానికి 'టీమ్ బిల్డింగ్' అని పేరు పెట్టారు. సోమవారం మళ్లీ ఎవరి కుర్చీలో వాళ్లు, ఎవరి కుళ్లు వాళ్లది. అక్కడ ఫలించని మందును అక్కడి మేనేజర్లే ఇంటికి మోసుకొచ్చారు. ఇప్పుడు భార్య టీమ్ మెంబరు, కొడుకు ట్రైనీ, ఆదివారం ఒక అజెండా. డాలస్ నుంచి తోడల్లుడు పంపిన లాంగ్ వీకెండ్ ఫోటోలు మిగతా పని పూర్తిచేశాయి. అక్కడి తెలుగువాళ్లు సరస్సులో కెనూ తిప్పుతుంటే ఇక్కడివాళ్లు ఇంకా నెక్లెస్ రోడ్డులో మొక్కజొన్న పొత్తు తింటూ కూర్చోవడమా?

కయాక్ పుట్టుపూర్వోత్తరాల్లోనైనా కుటుంబం ఎక్కడుందో చూడాలి. అది ఉత్తర ధ్రువ ప్రాంతపు ఇన్యూట్ వేటగాళ్ల పడవ. కొట్టుకొచ్చిన చెక్కతోనో ఎముకతోనో చట్రం కట్టి, పైన సీలు చర్మం బిగించి, దర్జీ చొక్కా కుట్టినట్టు ఒక్క మనిషి ఒంటి కొలతకు తయారుచేసుకునేవారు. చప్పుడు కాకుండా సీలు దగ్గరికి వెళ్లాలి. పక్కన పెళ్లాంబిడ్డలు లేకపోవడమే దాని ప్రధాన సుగుణం. ఇంటిల్లిపాదినీ, గుడారాలనూ, కుక్కలనూ ఎక్కించుకుని మకాం మార్చడానికి వాళ్లకు ఉమియాక్ అనే పెద్ద పడవ వేరే ఉండేది. దాన్ని ఎక్కువగా ఆడవాళ్లే నడిపేవారు. వేటకో పడవ, సంసారానికో పడవ అని అంత మంచులో అంత స్పష్టంగా విడదీసుకున్నారు వాళ్లు. మనవాళ్లు వేట పడవను తెచ్చి సంసారాన్ని ఎక్కించారు.

కయాక్‌లో పేరు మోసినవాళ్లూ ఇల్లు విడిచి వెళ్లినవాళ్లే. 1932లో ఆస్కార్ స్పెక్ అనే జర్మన్, పనిపోయి, మడతపెట్టే కయాక్ వేసుకుని ఊల్మ్ నుంచి బయల్దేరాడు. ఏడేళ్లు తెడ్డు వేశాడు. సింహళం చుట్టి, మన తూర్పు తీరం పక్క నుంచే బర్మా వైపు వెళ్లాడు. 1939లో ఆస్ట్రేలియా గడ్డను చేరితే, యుద్ధం మొదలైంది కనక శత్రుదేశస్థుడివని పట్టుకుని నిర్బంధ శిబిరంలో పెట్టారు. తర్వాత అక్కడే స్థిరపడ్డాడు.

భార్యాభర్తలు కలిసి పడవతో సాధించిన ఘనకార్యం ఒకటుంది, దాన్ని మాత్రం ఏ ప్రకటనా చెప్పదు. 2002 మార్చిలో ఇంగ్లండ్ ఈశాన్య తీరాన సీటన్ కేర్యూ దగ్గర జాన్ డార్విన్ అనే పెద్దమనిషి కెనూ వేసుకుని సముద్రంలోకి వెళ్లాడు, తిరిగి రాలేదు. పగిలిన పడవ మాత్రం కొట్టుకొచ్చింది. మనిషి పోయాడని తేల్చారు. భార్య యాన్ బీమా డబ్బు తీసుకుంది. ఇద్దరు కొడుకులు నిజంగానే తండ్రి పోయాడనుకుని ఏడ్చారు. ఆ తండ్రి చాలాకాలం ఉన్నది పక్కింట్లో; అదీ వాళ్లదే, రెండిళ్లకూ మధ్య గోడకు కన్నం, కన్నానికి అడ్డంగా బట్టల బీరువా. 2007 డిసెంబరులో లండన్‌లో పోలీస్ స్టేషన్‌కు వచ్చి తనకేమీ గుర్తులేదన్నాడు. ఇంతలో ఆలుమగలిద్దరూ పనామాలో నవ్వుతూ దిగిన ఫోటో ఇంటర్నెట్‌లో దొరికింది. 2008లో ఇద్దరికీ ఆరేళ్లు దాటిన జైలు శిక్ష పడింది, భార్యకు మూడు నెలలు ఎక్కువ. ఇంతటి సమన్వయం కోట్‌పల్లిలో ఏ జంటకూ కుదరలేదు. కొంప ముంచింది మాత్రం అక్కడా ఫోటోనే.

ఇక మధ్యలో ఇరుక్కున్న ఆ పిల్లవాడి సంగతి. వాడి ఒంటి మీదున్నది పెద్దవాళ్ల లైఫ్‌జాకెట్. నీళ్లలో పడితే అది చెవుల దాకా లేస్తుంది, ఇంకొంచెం లేస్తే తలమీంచి జారిపోతుంది. అందుకే పసివాళ్ల జాకెట్‌కు కాళ్ల మధ్య నుంచి తీసి బిగించే పట్టీ ఉంటుంది. అలాంటిదొకటి ఉంటుందని ఆ తల్లిదండ్రుల్లో ఎంతమందికి తెలుసు? తండ్రి జాకెట్‌కు బకిల్ పెట్టలేదు, పొట్ట పట్టలేదని. తల్లి తీసి ఒళ్లో పెట్టుకుంది, చీర కనపడటం లేదని. ముగ్గురిలో ఒక్కరికీ ఈత రాదు. మునిగే మనిషి సినిమాలో లాగా కేకలు పెట్టడు. నోరు నీళ్ల మీదికి వచ్చే ఆ ఒక్క క్షణం ఊపిరికే చాలదు. పసివాడైతే చప్పుడే ఉండదు. సెల్ఫీకి మూతి సరిచూసుకునేంత సేపట్లో అయిపోతుంది. 2007లో టాస్మేనియా నుంచి న్యూజిలాండ్‌కు కయాక్‌లో ఒంటరిగా బయల్దేరిన ఆండ్రూ మెకాలీ ఆరితేరినవాడు. సముద్రమంతా దాదాపు దాటేశాక పోయాడు. ఒడ్డున భార్య, చిన్న కొడుకు ఎదురుచూస్తున్నారు. ఆరితేరినవాడికే అలా జరిగినప్పుడు, యూట్యూబ్‌లో ఒక వీడియో చూసి వచ్చినవాళ్ల ధైర్యాన్ని ఏమనాలి?

మనకు తెలియక కాదు. 2019 సెప్టెంబరు 15న పాపికొండలు చూడబోయిన పడవ కచ్చులూరు దగ్గర వరద గోదావరిలో మునిగింది. అందులో ఉన్నదంతా కుటుంబాలు, స్నేహితులు, సెలవు రోజు సరదా. లైఫ్‌జాకెట్లు అందరి ఒంటి మీదా లేవు. పడవ పైకి రావడానికే నెల దాటింది, అదీ కాకినాడ నుంచి వచ్చిన ధర్మాడి సత్యం బృందం తాళ్లతో, లంగర్లతో కుస్తీ పడితే. 2024 జనవరి 18న వడోదరలో హర్ణి చెరువు. అది నది కాదు, వరద లేదు, ఊరి మధ్య చెరువు. మోయగలిగినదానికంటే ఎక్కువమందిని ఎక్కించారు. విహారానికి తీసుకెళ్లిన పన్నెండు మంది బడిపిల్లలు, ఇద్దరు టీచర్లు పోయారు. ప్రతిసారీ సంతాపం, నష్టపరిహారం, విచారణ కమిటీ, కొన్నాళ్లు పడవలు బంద్. తర్వాత కొత్త రంగు వేసి, కొత్త రేటు పెట్టి, మళ్లీ మొదలు.

పడవ మీద కాపురం తెలుగు నేలకు కొత్త సంగతి కాదు. కొల్లేటి లంకల్లో తాటిమొద్దు తొలిచిన దోనె మీదే బియ్యం బస్తా వచ్చింది, జ్వరమొచ్చిన పిల్లవాడు వచ్చాడు, పురిటికి వెళ్లే కూతురూ వచ్చింది. దాన్ని వాళ్లెవరూ సాహసం అనలేదు, వేరే దారి లేదన్నారు. కోనసీమలో పశువుల్లంక దగ్గర 2018 జూలై 14న బడిపిల్లలతో వస్తున్న నాటుపడవ గోదావరి పాయలో బోల్తా కొట్టింది. తగిలిందేమిటంటే, అక్కడే కడుతూ కడుతూ ఉన్న వంతెన స్తంభం. ఆ వంతెన పూర్తయి ఉంటే ఆ పడవతో పనే లేదు. ఆ పిల్లలు పడవ ఎక్కింది నాయకత్వ లక్షణాల కోసం కాదు, ఇంటికి వెళ్లడానికి. వాళ్ల రేవులకు లేని డబ్బు, చెరువుల పక్కన సెల్ఫీ పాయింట్లకు ఎలా దొరుకుతుందో సర్కారు ఒకసారి చెప్తే బాగుంటుంది.

నదుల్లో, కాలువల్లో తిరిగే పడవల కోసం తెల్లదొరలు 1917లో చేసిన చట్టాన్నే మార్పులు చేసుకుంటూ 2021 దాకా నడిపాం. ఆ ఏడు కొత్త చట్టం వచ్చింది, ఇంజిను లేని పడవల మాటా అందులో ఉంది. వారాంతపు రద్దీలో రేవు దగ్గర నిలబడ్డ కుటుంబానికి మాత్రం చట్టం ఎదురుపడదు. ఎదురుపడేది టికెట్ కౌంటర్‌లో ఇచ్చే కాగితం. అది ఇంగ్లిషులో ఉంటుంది. ఏం జరిగినా నిర్వాహకులకు సంబంధం లేదని, పిల్లల పూచీ తల్లిదండ్రులదేనని దాని సారాంశం. తండ్రి కళ్లజోడు కారులో ఉండిపోయింది. వెనక క్యూ తోస్తుంటుంది. "అందరూ పెడుతున్నారుగా, పెట్టండి" అంటుంది ఆవిడ. ఆ రోజంతటికీ ఇద్దరూ ఏకాభిప్రాయానికి వచ్చిన విషయం అదొక్కటే. బాబు కొలతకు జాకెట్ ఉందా అని అడిగితే, "చిన్నసైజు అయిపోయాయి సార్, గట్టిగా పట్టుకోమనండి" అని జవాబొస్తుంది. ఆ కౌంటర్ మొత్తమ్మీద జారిపోకుండా, పోకుండా తాడుతో గట్టిగా కట్టి ఉంచిన వస్తువు ఒక్కటే కనపడుతుంది: సంతకం పెట్టే పెన్ను.