కొన్నాక కనుక్కుందాం, అదేమిటో!

"ఎడారి బల్లికి పనేం ఉండదండీ. కుక్కలా వాకింగుకు తిప్పక్కర్లేదు, పిల్లిలా సోఫా చింపదు. గాజుపెట్టెలో ఇంత ఇసుక పోసి ఓ మూల పెడితే దాని బతుకు అది బతుకుతుంది." అమెరికాలో మనవాళ్ళ ఇళ్ళలో వినపడే వేదవాక్కు ఇది. చెప్పినవాణ్ణి "ఇంతకీ ఇదేం బల్లి?" అని అడిగి చూడండి. "డెజర్ట్ లిజర్డ్" అంటాడు. ఇంటికొచ్చిన చుట్టం ఎవరంటే "మనిషి" అన్నట్టు.

ఎడారులన్నీ ఒకటేనా? ఆస్ట్రేలియా మెట్టభూముల బియర్డెడ్ డ్రాగన్ పురుగూ తింటుంది, ఆకూ తింటుంది. ఎదిగేకొద్దీ ఆకే ఎక్కువ. సహారా, అరేబియాల ముళ్ళతోక యూరోమాస్టిక్స్ దాదాపు శాకాహారి. అది ఎండ కాచుకునే రాయి 50 డిగ్రీలకు కాలినా దానికి హాయే. అఫ్గానిస్తాన్, పాకిస్తాన్ రాళ్ళసందుల లెపర్డ్ గెకో ఆకు ముట్టదు, పొద్దు గూకితే గానీ బయటికి రాదు. పేరు తెలియకుండా వీటికి వండిపెట్టడం నలభీములకైనా చేతకాదు. మన యజమానికి చేతనవుతుంది. గెకో ముందు పాలకూర పెట్టి, తినకపోతే అలిగిందంటాడు.

యూరోమాస్టిక్స్ ముక్కు దగ్గర తెల్లపొడి కనిపిస్తే జలుబని ఇల్లంతా కంగారు. ఒంట్లో ఎక్కువైన ఉప్పును అది ముక్కులోంచే బయటికి తోస్తుంది, నీళ్ళు వృథా కాకుండా. బియర్డెడ్ డ్రాగన్ చెయ్యి ఊపితే "నమస్తే పెడుతోంది!" అని వీడియో తీసి చుట్టాలందరికీ పంపుతారు. ఆ ఊపుడు చాలాసార్లు లొంగుబాటు. "నువ్వే గొప్ప, నన్నొదిలెయ్" అని అది వేడుకుంటుంటే, కిందేమో నలభై హృదయాల బొమ్మలు.

అన్నిటికన్నా ముచ్చటైనది కిటికీ సిద్ధాంతం. "ఇంత ఎండ పడుతుంటే పెట్టెకు మళ్ళీ లైటెందుకు, దండగ!" కిటికీ అద్దం వెలుతురును రానిస్తుంది, యువిబి అనే అతినీలలోహిత కిరణాల్ని దాదాపుగా ఆపేస్తుంది. ఆ కిరణాలు లేనిదే బియర్డెడ్ డ్రాగన్ ఒంట్లో డి3 విటమిన్ తయారుకాదు. డి3 లేకపోతే తిన్న కాల్షియం ఒంటబట్టదు. అప్పుడు శరీరం సొంత ఎముకల్నే తోడుకోవడం మొదలెడుతుంది: దవడ మెత్తబడుతుంది, కాళ్ళు వంకరపోతాయి, వణుకు పుడుతుంది. లైటు కొన్నవాళ్ళది ఇంకో రకం ధీమా, వెలుగుతోందిగా అని. ట్యూబు వెలుగుతూనే ఉంటుంది. అందులో యువిబి మాత్రం ఏడాది తిరిగేసరికి నీరసపడిపోతుంది. దీపాలకూ హీటర్లకూ పెట్టిన డబ్బు లెక్కేసుకుంటే "లో మెయింటెనెన్స్" అన్న మాట గొంతులో అడ్డం పడాలి. పడదు.

మీద బల్లి పడితే ఏ భుజానికి ఏ ఫలమో పంచాంగం తీసి చూసుకునే జాతి మనది. కొనితెచ్చుకున్న బల్లి గురించి మాత్రం ఒక్క పేజీ తిప్పం. పోనీ, పోల్చుకోవడం అంత కష్టమా? రెప్పలార్పే గెకోనా, తోక చుట్టూ ముళ్ళవలయాలున్నాయా, కోపమొస్తే గొంతు కింద గడ్డం ఉబ్బి నల్లబడుతుందా? చూసే ఓపిక ఉంటే సగం సంగతి తేలిపోతుంది. మిగతాది సరీసృపాలు తెలిసిన డాక్టరు తేలుస్తాడు.

ఓ ఇంట్లో విజిటర్ వీసా మీద వచ్చిన తాతగారు పెట్టెలోకి తొంగిచూసి "తొండ" అన్నారు. అందరూ నవ్వారు. బియర్డెడ్ డ్రాగన్, మన కంచె మీది తొండ రెండూ అగామిడే కుటుంబమే. ఆ ఇంట్లో దాన్ని సరిగ్గా పోల్చిన మనిషి ఆయనొక్కరే. చిన్నప్పుడు రాళ్ళేసి తరిమిన తొండకు చుట్టాన్ని, కొడుకు డాలర్లు పోసి తెచ్చి పెంచుతున్నాడు. దాన్ని ముట్టుకుంటే చేతులు కడుక్కోమని బామ్మగారు పోరుతుంటే మడి అని మళ్ళీ నవ్వారు. సాల్మొనెల్లా భయంతో అమెరికా ఆరోగ్యశాఖ చెప్పేదీ సరిగ్గా అదే.

ఈ తొండచుట్టం పదేళ్ళు బతకొచ్చు. మిడిల్ స్కూల్లో ఏడ్చి కొనిపించుకున్న పిల్లాడు కాలేజీకి వెళ్ళిపోయాడు. ఇప్పుడు పొద్దున్నే కాలర్డ్ ఆకులు సన్నగా తరిగి, కాల్షియం పొడి చల్లేది తాతగారే. ఆర్నెల్లు ముగుస్తుంటే, వీసా గడువు పొడిగింపుకు దరఖాస్తు పెడదామని ఈసారి కొడుకే అన్నాడు.